పదిహేనంగుళాల మానిటరు

పోయిన నెల ఏలూరులో కంటి డాక్టరుగారి దగ్గర నాకొక పరీక్ష చేశారు. చీకటి గదిలో ఒక మిషను ముందు కూర్చోబెట్టి, గడ్డం ఒకచోట ఆనించమని, ఒక కన్ను మూసికట్టి, ఎదురుగా ఉన్న తెల్లటి గిన్నెలాంటి దాని నడిమధ్య చుక్కనే చూస్తూ ఉండమన్నారు. చుట్టుపక్కల ఎక్కడ చిన్న వెలుగు మెరిసినా చేతిలో మీట నొక్కాలి. నేను నొక్కుతూనే ఉన్నాను. తర్వాత కొంతసేపు ఏ వెలుగూ రాలేదు. మిషను ఆగిపోయిందేమో అనుకుని, "అయిపోయిందామ్మా?" అని పక్కన నిలబడ్డ అమ్మాయిని అడిగాను. "లేదండి, వస్తూనే ఉన్నాయండి. మీరే నొక్కట్లేదు" అందా అమ్మాయి, మెల్లగా.

డాక్టరుగారు కాగితం చూసి, "నీటికాసులండి. మొదట్లోనే తెలిసింది, నయం. చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్న చూపు నిలబడుతుంది. పోయింది మాత్రం తిరిగి రాదు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?" అని అడిగారు.

"మా నాన్నగారికి ఉండేదండి."

"ఆయనేం చేసేవారు?"

"పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవారండి."

డాక్టరుగారు రాస్తున్న కలం ఆపి నా వంక చూశారు. ఈ జబ్బు చూపుని అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. నడుమ చూపు మాత్రం చివరిదాకా తేటగానే ఉంటుంది కాబట్టి మనిషికే తెలియదు, పక్కవాళ్ళకి అసలే తెలియదు. మా అబ్బాకి, అంటే నాన్నగారికి, తెలుసు. మాకు తెలియకుండా చూసుకున్నారు. అల్లా దయవల్ల నాకు మొదట్లోనే తెలిసింది, అల్హందులిల్లా అనుకుంటూ తాడేపల్లిగూడెం బస్సెక్కాను. భీమడోలు దాటేదాకా కళ్ళు మూసుకునే కూర్చున్నాను. మూసిన కళ్ళ ముందు అబ్బా, ఏలూరు దుకాణంలో అన్నిటికన్నా చిన్న మానిటరు మీద చెయ్యేసి "ఇది చాలండి" అంటూ కనిపించారు.

మా ఇల్లు ఉల్లిపాయల మార్కెట్టుకి వెనకవైపు. ముందు గది స్టూడియో, నడిమి గది డార్క్ రూము, వెనక రెండు గదులు మేము. ఎండాకాలం మధ్యాహ్నాలు లారీల మీద మగ్గిన ఉల్లిపాయల వాసన, వానాకాలం గోనెసంచుల తడివాసన, ఏడాది పొడుగునా డార్క్ రూములో ఫోటోలు కడిగే మందుల పుల్లటి వాసన. ఇంట్లోకొచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు, మాకు మాత్రం అది ఇంటి వాసన. చిన్నప్పుడు నాకు కీళ్ళ జ్వరం వచ్చి గుండెకి పట్టిందన్నారు. బడికి పంపొద్దన్నారు. నానీ, అంటే అమ్మమ్మ దగ్గర ఖురాను, అమ్మీ దగ్గర కుట్టుపని, అబ్బా దగ్గర తెలుగు. తెలుగుకి మా ఇంట్లో వాచకాలేమీ లేవు, శుభలేఖలే. పెళ్ళి ఒప్పుకున్న ప్రతివాళ్ళూ అబ్బాకి ఒక శుభలేఖ ఇచ్చేవారు. ముహూర్తం ఎప్పుడో, ఏ ఊళ్ళోనో, పెళ్ళివారెవరో వాటిలోంచి కూడబలుక్కుని పైకి చదివితే అబ్బా తలాడించేవారు. 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' అన్న మాట బిస్మిల్లా తర్వాత నాకు తడుముకోకుండా వచ్చిన మొదటి మాట. అమ్మీ నవ్వేది, "పిల్లకి పెళ్ళిళ్ళు తప్ప ప్రపంచంలో ఇంకేం జరుగుతాయో తెలియట్లేదండీ" అని.

పెళ్ళి తీసొచ్చాక అబ్బా సంచి విప్పడం నా పని. క్యాసెట్లు తీసి, తుడిచి, వాటి మీద ఊరిపేరు రాసి పెట్టేదాన్ని. ఏ వైపు పెళ్ళో చదవక్కర్లేదు. నల్లజర్ల వైపు వెళ్ళొస్తే సంచిలో ఎర్రమట్టి ఉండేది. కొల్లేటి వైపు వెళ్ళొస్తే సంచి అంతా చేపల మేత వాసన, క్యాసెట్టు పెట్టెల మీద చెమ్మ. తర్వాత ఆ క్యాసెట్లు బెజవాడలో మిక్సింగు చేసేవాళ్ళకి వెళ్ళేవి. అనవసరమైనవి కత్తిరించి, పాటలు పెట్టి, పేర్లు వేసి ఇచ్చే పనిని మావైపు మిక్సింగనే అంటారు. అక్కడ వరసలో మన వంతు రావాలి. ఈలోపు పెళ్ళివారు స్టూడియో మెట్లెక్కి, "ఏవండీ కరీం గారూ, మా అమ్మాయి సీమంతానికైనా ఇస్తారా క్యాసెట్టు?" అని ఎత్తిపొడిచేవారు. దానికి తోడు మా వాళ్ళ ఇళ్ళలో ఇంకో బాధ. పసుపు రాసే రోజున లోపల ఆడవాళ్ళు పాడుకున్నవీ ఆడుకున్నవీ ఎక్కడో ముక్కూమొహం తెలియని మగవాళ్ళు కూర్చుని చూస్తారంటే ఎవరికి మనసొప్పుతుంది? అందుకని చాలామంది ఆ భాగం తీయనిచ్చేవారే కాదు. "మా షమీమ్ ఇంట్లో కూర్చుని చేస్తుందండి. ఇల్లు దాటి పోదు" అని అబ్బా ఒకచోట నోరు జారారు. అప్పటికి మా ఇంట్లో కంప్యూటరు లేదు, దాన్ని చూసిన మొహం కూడా కాదు నాది. అయినా మాట ఇచ్చేశారు.

మాట ఇవ్వడానికి అసలు కారణం వేరే ఉందని అప్పుడు తెలియలేదు. అబ్బా ఆ రోజుల్లో గుమ్మాలకి భుజాలు తగిలించుకునేవారు. పక్కనుంచి వచ్చిన సైకిలు చూసుకోకుండా రోడ్డు దాటేవారు. అన్నం తింటుంటే ఎడమచేతి వైపు పెట్టిన మంచినీళ్ళ గ్లాసు రోజుకొకసారి తన్నేసేవారు. "మనసెక్కడ పెట్టి తింటున్నారండీ!" అని అమ్మీ విసుక్కునేది. డార్క్ రూము అలమరలో పైఅరలో ఒక చిన్న ప్లాస్టిక్ బుడ్డీ ఉండేది. "లెన్సు తుడిచే మందు, ఎవరూ ముట్టుకోకండి" అనేవారు. మేమెవరమూ ముట్టుకోలేదు. కెమెరా మాత్రం అదివరకులాగే పట్టుకునేవారు. ఒంటికన్ను ఆనించి చూసే ఆ గొట్టంలో కనిపించేది ఎంత? అగ్గిపెట్టంత. ఆ అగ్గిపెట్టంత చూపు అబ్బాకి ఇంకా నిక్షేపంగా ఉంది. బొమ్మ కదిలేది కాదు, పెళ్ళికూతురి కంట్లో నీటిచుక్క కూడా తప్పించుకునేది కాదు.

కంప్యూటరు కొనడానికి నన్ను కూడా ఏలూరు తీసుకెళ్ళారు. పాత పెద్ద కెమెరా అమ్మగా వచ్చిన డబ్బు, అమ్మీ చీటీ పాడగా వచ్చిన డబ్బు అమ్మీ చేతిరుమాల్లో కట్టి ఇచ్చింది. దానికి మించి ఒక్క రూపాయి లేదు. దుకాణం సత్తిబాబుగారిది. కంప్యూటర్లు విడివిడి సామాన్లు తెచ్చి బిగించి అమ్మేవారు. నోరు ఆగని మనిషి, మంచి మనిషి.

"రండి రండి కరీం గారూ! ఇదేనా మన ఇంజనీరుగారు?" అన్నారు నన్ను చూసి. నేను దుపట్టా సర్దుకుని అబ్బా వెనక్కి జరిగాను. "ఏం కావాలో చెప్పండి. ఉత్తరాలు కొట్టుకోడానికా, పిల్లలు ఆటలాడుకోడానికా?"

"మిక్సింగుకండి."

"ఆయ్! అయితే కూర్చోండి. ఇది టీ తాగకుండా తేలే బేరం కాదు."

ఆ మధ్యాహ్నం సత్తిబాబుగారు చెప్పిందంతా ఈనాటికీ నాకు కంఠతా వచ్చు. కంపెనీ కంప్యూటరు కొంటే చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ డబ్బుకి లోపల సరుకు తక్కువ వస్తుంది, రేపు ఏదైనా పెంచుకుందామన్నా వాళ్ళ పెట్టెలో చోటుండదు. మూసేసిన నెట్ సెంటరు వాళ్ళవి పాతవి చవగ్గా ఉన్నాయి కానీ అవి వీడియోని మొయ్యలేవు, సగంలో కూలబడతాయి. బిగించి ఇచ్చేదైతే మన అవసరం ఎక్కడుందో అక్కడే డబ్బు పెట్టొచ్చు. వీడియోకి కావలసింది మంచి ప్రాసెసరు, మామూలుగా వేసేదానికి రెట్టింపు ర్యామ్, కెమెరా నుంచి బొమ్మ లోపలికి లాక్కునే కార్డు, డిస్కులు రాసే రైటరు. ఇవి కాక ఇంకో ఖరీదైన కార్డుంది. అది వేస్తే చేసిన మార్పు చేసినట్టు అప్పటికప్పుడే తెర మీద కనిపిస్తుంది. లేకపోతే ప్రతి మార్పుకీ రెండరు పెట్టాలి, అంటే ఆ ముక్కని కంప్యూటరు మళ్ళీ తయారుచేసుకునేదాకా కూర్చోవాలి.

"అదెంతండీ?" అన్నారు అబ్బా.

"ఆ కార్డు ఒక్కటీ ఈ కంప్యూటరంత."

అబ్బా ఆ కార్డు పెట్టె చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తర్వాత బల్ల మీద పెట్టేసి, "వద్దులెండి. కూర్చుంటాం. దానికి బదులు హార్డ్ డిస్కు పెద్దవి రెండు వెయ్యండి. తీసిన పెళ్ళి చెరపకుండా కొన్నాళ్ళు ఉంచుకునేట్టు. యూపీఎస్ మంచిది కావాలి, మా గూడెంలో కరెంటు సంగతి మీకు తెలుసుగా. క్యాబినెట్టు పెద్దది ఇవ్వండి, రేపు మా అమ్మాయి ఏదన్నా పెంచుకోవాలంటే చోటుండాలి" అన్నారు.

"బాగా చెప్పారండి. మరి మానిటరు? పదిహేడా, పంతొమ్మిదా? అదుగో ఆ పంతొమ్మిది చూడండి, సినిమాహాలే."

"పదిహేను చాలండి."

సత్తిబాబుగారు నవ్వేశారు. "అదేంటండీ బాబూ! ఇంత సరుకు వేయించుకుని మిక్సింగుకి పదిహేనా? రైసుమిల్లులో బస్తాల లెక్క రాసుకోడానికిస్తాం అది. ఒకపక్క బొమ్మ, ఒకపక్క ముక్కలు, కింద పాటల గీతలు, ఇవన్నీ ఎక్కడ పడతాయండీ? పాప కళ్ళు పాడైపోవా? పోనీ పదిహేడు తీసుకోండి, పైది తర్వాతివ్వండి. నేనేమన్నా గూడెం దాకా పరిగెత్తుకొస్తానా?"

"గది చిన్నదండి. పదిహేనివ్వండి."

"గది చిన్నదైతే మానిటరు గోడ పగలగొడుతుందేంటండీ?"

అబ్బా అంత మొండిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. నాకు సిగ్గేసింది కూడా. ఇన్నింటి మీద పెట్టి, చూసే దాని దగ్గర పిసినారితనం ఏమిటో అర్థం కాలేదు. సత్తిబాబుగారు నా వంక జాలిగా చూసి, "నీ ఇష్టం తల్లీ, నాన్నగారిని బతిమాలుకో" అన్నారు. నేను బతిమాలలేదు. మా ఇంట్లో అబ్బా మాట మీద మాట లేదు. ఆయన చూపు మనకన్నా నాలుగడుగులు ముందే ఉంటుందని నా నమ్మకం.

పాసింజరు రైల్లో తెచ్చుకున్నాం. మానిటరు బొంతలో చుట్టి నా ఒళ్ళో, పెట్టె అబ్బా కాళ్ళ మధ్య. ఇంట్లో అమ్మీ గుమ్మంలో ఆపి, ఫాతిహా చదివి లోపలికి రానిచ్చింది. డార్క్ రూములో మందుల తొట్లు తీసేసి అక్కడే బల్ల వేశాం. పెట్టె వేడెక్కుతుందని పక్కరేకు ఊడదీసి, టేబులు ఫ్యాను దాని వైపు తిప్పి పెట్టాం. ఆ ఫ్యాను అదివరకు నానీది. "నాకన్నా దానికే ఉక్కపోస్తుందా?" అని నానీ కొన్నాళ్ళు నిష్ఠూరమాడింది. మానిటరు మీద అమ్మీ కుట్టిన లతల గుడ్డ.

పని చెయ్యడం అబ్బా, నేను కలిసే నేర్చుకున్నాం. సత్తిబాబుగారు ఒక ఆదివారం వచ్చి చూపించి వెళ్ళారు, మిగతాది తప్పులు చేసి నేర్చుకున్నదే. అబ్బా మానిటరుకి బాగా వెనక్కి జరిగి కూర్చునేవారు. దూరంగా కూర్చుంటే బొమ్మ ఇంకా చిన్నదౌతుంది కదా అనుకునేదాన్ని, అడగలేదు. ఏ ముక్క ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఆయన చెప్పేవారు, మౌసు నా చేతిలో ఉండేది. ఒక మార్పు చేస్తే రెండరు. తెర మీద చిన్న గీత చీమలా పాకుతూ ఉండేది. "పెట్టావా? అయితే లే బేటా, నమాజు చేసుకుందాం" అనేవారు. మధ్యాహ్నం జొహరుకి ఒక రెండరు, పొద్దువాలాక అసరుకి ఒక రెండరు. మా ఇంట్లో కంప్యూటరు మా నమాజు వేళలకి తగ్గట్టు పని చేసేది, అందుకు నేను అల్లాకి షుక్రు చెప్పుకునేదాన్ని. నమాజు లేని వేళల్లో అబ్బా కుర్చీలోనే కళ్ళు మూసుకుని వెనక్కి వాలేవారు. తస్బీ చేస్తూ అల్లాని తలుచుకుంటున్నారనుకుని నేను చప్పుడు చేసేదాన్ని కాదు. ఆయన చూపు దాచుకుంటున్నారని తెలియదు.

అబ్బాకి పూల అంచులంటే ఇష్టం మొదలైంది. బొమ్మ చుట్టూ గులాబీల చట్రం వేసే ఎఫెక్టు ఒకటుండేది. మొదట్లో తలంబ్రాలకి మాత్రం వేసేవారు. తర్వాత జీలకర్ర బెల్లానికి, అప్పగింతలకి, భోజనాలకి, చివరికి పెళ్ళంతటికీ. "మరీ ఎక్కువైందేమో అబ్బా" అన్నానొకసారి. "నిండుగా ఉంటుంది బేటా" అన్నారు. నిజంగానే అందరూ మెచ్చుకున్నారు. ఉండి అనే ఊరి నుంచి ఒకాయన ప్రత్యేకంగా గులాబీల పెళ్ళే కావాలని వచ్చాడు.

వీర్రాజుగారిది భీమడోలు దాటి కొల్లేటి వైపు ఒక లంక ఊరు. చేపల చెరువులున్న మనిషి. పెద్దకూతురి పెళ్ళి మా చేత తీయించారు. డిస్కులు తీసుకుని, సంతోషంగా మిఠాయి పెట్టె కూడా ఇచ్చి వెళ్ళారు. కొన్నాళ్ళ తర్వాత ఒక ఉదయం గుండుతో, నిద్రలేని కళ్ళతో స్టూడియోలోకి వచ్చారు. వెనక ఆయన భార్య. నేను తెర వెనక నుంచి చూస్తున్నాను.

"కరీం గారూ, మా అమ్మ పెళ్ళికి వచ్చిందాండీ, రాలేదాండీ?" అన్నారు, నిలబడే.

అబ్బాకి అర్థం కాలేదు. "రాకపోవడమేంటండీ? నాకు మజ్జిగ కూడా ఇచ్చారు."

"మరి ఏదండీ? అమ్మ పోయిందండీ. పదకొండో రోజున అందరం కూర్చుని ఆ డిస్కులు పెట్టుకున్నాం, ఒక్కసారి చూసుకుందామని. మొదట్నుంచీ చివరిదాకా చూశాం. మీ గులాబీలు బాగున్నాయండి. మా అమ్మనే గులాబీల కింద పాతిపెట్టారు."

ఆయన భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఊరుకోండీ, ఆయన కావాలని చేశారా" అంది. తర్వాత అబ్బాతో, "మా అత్తగారికి మాంగల్యం లేదు కదండీ. పీటల దగ్గరకి రానని మొండికేసింది. దేనికీ ముందుకి రాలేదు, గోడవారనే కూర్చుంది. ఎక్కడో ఓ పక్కన పడే ఉంటుందండీ, వెతికి పెట్టండి. ఆవిడ ఫోటో అని చెప్పుకోడానికి రేషన్ కార్డు మీదది తప్ప లేదు" అంది.

"రండి, లోపలికి రండి" అన్నారు అబ్బా. "పెళ్ళి మొత్తం హార్డ్ డిస్కులో అలాగే ఉంది. అంచులు తీసి చూపిస్తుంది మా అమ్మాయి."

డార్క్ రూములో నలుగురం ఇరుక్కున్నాం. అంతదాకా మగవాళ్ళెవరూ ఉండగా నేను ఆ కుర్చీలో కూర్చోలేదు. బిస్మిల్లా అనుకుని, గులాబీలు లేని అసలు బొమ్మ తెరిచాను. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు నడుమ ఉన్నారు. ఎడమ అంచున, గోడకి ఆనుకుని, తెల్లచీరలో ముడుచుకుని కూర్చున్న ముసలావిడ ఉంది. తలంబ్రాలు పోసుకుంటుంటే నోరంతా తెరిచి నవ్వుతోంది. ఒక్క పన్ను లేదు. ఎవరికీ కనపడననుకుని, తన ముందు రాలిన నాలుగు గింజలు ఏరుకుని తన తలమీద తనే వేసుకుంది.

"అదుగో! అమ్మ!" అని వీర్రాజుగారు తెర మీదకి వంగిపోయారు. ఆయన భార్య ఘొల్లుమంది.

"ఏది?" అన్నారు అబ్బా.

"అదేనండీ, పక్కన. ఎడమ పక్కన గోడ దగ్గర."

అబ్బా చూస్తున్నారు. పెళ్ళికూతురి మీద నుంచి ఆయన చూపు కదల్లేదు. "ఏది? ఎక్కడ?" అని మళ్ళీ అన్నారు. తర్వాత ఒక్కసారిగా, తప్పిపోయిన వస్తువుని చీకట్లో వెతికేవాళ్ళలాగా, మొహం మొత్తం ఎడమవైపుకి తిప్పారు, ఇంకా తిప్పారు, తెర దాటించి గోడ దాకా తిప్పి మళ్ళీ వెనక్కి తెచ్చారు. అప్పుడు ఆగారు. "ఆఁ. ఉన్నారు" అన్నారు చాలా చిన్నగా. పదిహేనంగుళాల తెర. ఆమాత్రం తెర మీద ఒక మనిషిని వెతుక్కోవడానికి మా అబ్బాకి తల అంత తిప్పవలసి వచ్చింది.

వీర్రాజుగారు తెర మీద నుంచి తలెత్తారు. ఆయన అబ్బా వంక చూశారు, నా వంక చూశారు. చేపల చెరువుల మీద బతికే మనిషి, నీళ్ళలోకి చూసి లోతు చెప్పేవాళ్ళు వాళ్ళు. అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది.

"ఎన్నాళ్ళయిందండీ?" అన్నారు.

"డిస్కు కొత్తది చేసి ఇస్తామండి. అంచులేమీ లేకుండా. సాయంత్రానికి" అన్నారు అబ్బా.

ఆ రోజు అమ్మీ పొయ్యి వెలిగించలేదు. అలమర పైఅరలో బుడ్డీ తీసుకొచ్చి అబ్బా ఎదురుగా కూర్చుంది. "లెన్సు మందన్నారు కదండీ" అంది. అబ్బా అన్నీ చెప్పారు. చాలా ఆలస్యంగా తెలిసిందనీ, చుక్కలతో కొన్నాళ్ళు లాగుతుందన్నారనీ, ఈ సంగతి బయటికి పొక్కితే పెళ్ళి మనకెవరిస్తారనీ. కార్డు వద్దన్నది ఎందుకంటే తనకున్న రోజులకి అంత ఖర్చు దండగట, దాని బదులు నాకు నిలబడేవి కొన్నారట. "మరి మానిటరు?" అన్నాను. రెండు చేతులూ మొహం ముందు పెట్టుకుని, వేళ్ళతో చిన్న చట్రంలా చూపించారు. "ఇంతే కనిపిస్తుంది బేటా. పెద్దదైతే దుకాణంలోనే తల తిప్పుకుంటూ చూడాలి. సత్తిబాబుగారికి తెలిసిపోదూ?" పూల అంచులు కూడా అందుకే. ఆయనకి కనపడని చోటంతా పూలు పరిచారు. అక్కడ ఎవరుంటారో ఆలోచించలేదు, అంతే. మా అబ్బాకి ఆ తర్వాత నిద్రపట్టనివ్వనిది పోతున్న చూపు కాదు. అదివరకు ఇచ్చేసిన పెళ్ళిళ్ళలో ఇంకెందరు అలా గోడవార ఉండిపోయారో అన్నదే.

వీర్రాజుగారు ఆ సంగతి కొల్లేటి వైపు ఒక్కరికీ చెప్పలేదు. ఆ ఒక్క మేలుకి ఆయన పేరు నేటికీ నా దువాలో ఉంటుంది. పైపెచ్చు తమ్ముడి ఇంట్లో పెళ్ళి మాకే ఇప్పించారు. "తీసేది ఎవరైనా పరవాలేదండి, మిక్సింగు మాత్రం పాప చెయ్యాలి. అందర్నీ చూపిస్తుంది" అన్నారట. తీయడానికి మనిషిని పెట్టుకున్నాం. అబ్బా తనకున్న చూపంతా నా పక్కన కూర్చుని ఖర్చు పెట్టారు. తర్వాత సరస్సుని కాపాడాలని సర్కారు వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. చెరువులు పోయిన ఇళ్ళలో పెళ్ళిళ్ళు వాయిదాలు పడ్డాయి, పడనివి కెమెరా లేకుండా జరిగిపోయాయి. మా ఇంట్లో కొన్నాళ్ళు గంజితోనే గడిచింది. అబ్బా నడుమ చూపు కూడా ఆ రోజుల్లోనే మసకేసింది.

ఇప్పుడు నా ఒళ్ళో పట్టే యంత్రం ఒకటుంది. అప్పటి మా పెట్టెకి నమాజు నుంచి నమాజు దాకా పట్టిన పని, ఇది టీ చల్లారేలోపు చేసేస్తుంది. అంచులు మసకబార్చి నడుమ మనిషినే చూపించడం ఇప్పుడు కొత్త అందం, అడిగి మరీ చేయించుకుంటారు. చేస్తాను, అది వాళ్ళ ఇష్టం. వేగానికి కూడా అల్లాకి షుక్రు చెప్పుకుంటాను. కానీ ఆ నత్తనడక కంప్యూటరు లేకపోతే మా అబ్బా పక్కన అన్ని పూటలు ఊరికే కూర్చునే భాగ్యం నాకు దక్కేది కాదు. ఖరీదైన కార్డు కొనుక్కోగలిగి ఉంటే పని తొందరగా అయిపోయేది. అయ్యాక ఎవరి గదిలోకి వాళ్ళం వెళ్ళిపోయేవాళ్ళం.

అప్పట్లో, ఆ గంజి రోజులు గడిచి చేతిలో మళ్ళీ నాలుగు పెళ్ళిళ్ళు పడ్డాక సత్తిబాబుగారు పెద్ద మానిటరు తనే మోసుకొచ్చి బిగించి వెళ్ళారు. పోయేటప్పుడు అబ్బా చెయ్యి పట్టుకుని, "ఆరోజు నోరు పారేసుకున్నానండి" అన్నారు. "మీరన్నది నిజమే కదండీ, గోడేమీ పగల్లేదు" అన్నారు అబ్బా. అప్పటికి ఆయనకి వెలుగూ చీకటీ తేడా మాత్రమే తెలిసేది. సత్తిబాబుగారు వెళ్ళాక, అబ్బా గోడ తడుముకుంటూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు. నల్లజర్ల పెళ్ళి ఒకటి తెరమీద ఆడుతోంది. నా భుజాల మీదుగా రెండు చేతులూ చాచి మానిటరు అటు అంచొకటీ ఇటు అంచొకటీ పట్టుకున్నారు. "ఇంత ఉందే!" అన్నారు. నవ్వుతున్నారో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.

"ఈ చేతి దగ్గర ఎవరున్నారు బేటా?"

"పెళ్ళికూతురి మేనత్తలా ఉంది అబ్బా. పళ్ళెం పట్టుకుని నిలబడింది. నిద్రొస్తున్నట్టుంది, ఆవలిస్తోంది."

"ఈ చేతి దగ్గర?"

"డోలు వాయించేవాళ్ళ ముసలాయన. చెమట తుడుచుకుంటున్నాడు."

"ఉంచు. ఇద్దర్నీ ఉంచు" అన్నారు. అసరు అజాన్ వినిపించేదాకా చేతులు తియ్యలేదు.